పోటు ఎప్పుడో ఫోను చెబుతుంది, ఏ రేవుకో మనమే అడగాలి

"బావా, నీ ఫోనేమో నీళ్లున్నాయంటోంది, నా గెడేమో లేవంటోంది. ఎవరి మాట వినమంటావు?"

చెన్నైకి ఉత్తరాన, సముద్రపు నీళ్లు వచ్చిపోయే ఎన్నూరు క్రీకులో పొద్దున ఇంకా ఆరు కూడా కాలేదు. పడవ బురదలో కూరుకుని ఒక పక్కకి ఒరిగిపోయింది. గెడ పట్టుకుని నిలబడ్డ మా బావమరిదికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. పోటు 5:50కి నిండుతుందని ముందురోజు రాత్రి చూసి చెప్పింది నేనే. తీరా వచ్చి చూస్తే నిండడం మాట దేవుడెరుగు, నీళ్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి. గట్టు మీద వల దులుపుకుంటున్న పెద్దాయన ఒకసారి మా వంక చూసి, "ఇప్ప తణ్ణి వత్తుదు సార్, ఎట్టు మణిక్కు మేలె వాంగ" అన్నాడు. నీళ్లు తీస్తున్నాయి, ఎనిమిది దాటాక రండి అని. చెప్పి మళ్లీ తన పనిలో పడ్డాడు.

సిగ్గుచేటు ఏమిటంటే నా బతుకుతెరువే ఈ సరుకు. మాది యానాం. ఇరవై ఏళ్ల పైబడి చెన్నై రాయపురంలో చిన్న కొట్టు పెట్టుకుని, కాసిమేడు చేపల రేవు పడవల ఎకో సౌండర్లు (లోతు చూపించేవి), జీపీఎస్‌లు, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్లు బాగుచేస్తున్నాను. అలాంటివాణ్ణి పోటు పట్టిక చదవడంలో బోల్తా పడ్డాను. నేను చూసిన పట్టికలో టైము మనది కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే గ్రీన్విచ్ టైము. అంటే 5:50కి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. అసలు పోటు 11:20కి.

ఇక్కడొక తమాషా ఉంది. మన తీరంలో నీళ్లు రోజుకి రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. అంటే రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు. మన టైముకీ యూటీసీకీ తేడా అయిదున్నర గంటలు. రెండూ ఇంచుమించు ఒకటే. కాబట్టి ఇండియాలో యూటీసీ పట్టికని మన టైమనుకుని చదివితే గంటో అరగంటో తప్పడం కాదు, పోటు అనుకున్న చోట పాటు ఎదురవుతుంది. లండన్‌లో ఉన్నవాడికి ఈ కష్టం లేదు. మనకి మాత్రం ఇదే మొదటి గొయ్యి.

ఆ రోజు ఏడున్నరకి పడవ తేలింది. అప్పటిదాకా బురద వాసన పీలుస్తూ కూర్చుని, ఇంటికెళ్లాక ఈ పోటు చెప్పే సాధనాలన్నిటినీ ఒక్కొక్కటే వరసపెట్టి చూడాలనుకున్నాను. చూశాను. సముద్రం కలిసే ఏట్లో తెరచాప వేసుకుని తిరగాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

లోపల జరిగేది ఏమిటి

మాటల విషయంలో ఒక్క ముక్క. నీళ్లు ఎక్కితే పోటు, తీస్తే పాటు. ఏరు సముద్రంలో కలిసేచోటు మొగ. మా గోదారి వైపు మాటలివి. మీ వైపు వేరే అంటే మార్చుకు చదువుకోండి.

యాప్ అయినా, వెబ్‌సైటు అయినా, పుస్తకమైనా, అన్నిటి కడుపులో ఉన్నది ఒకటే లెక్క. ఒక రేవులో కొలబద్ద పెట్టి నీటిమట్టం నెలల తరబడి, వీలైతే ఏళ్ల తరబడి రాస్తారు. ఆ ఎగుడుదిగుడు గీతని చిన్న చిన్న అలలుగా విడదీస్తారు. చంద్రుడి వల్ల వచ్చే పెద్ద అల 12 గంటల 25 నిమిషాలకోసారి, దాని పేరు ఎం2. సూర్యుడిది సరిగ్గా 12 గంటలకోసారి, ఎస్2. ఇంకా రోజుకోసారి వచ్చేవి, నెలకోసారి వచ్చేవి డజన్ల కొద్దీ ఉన్నాయి. ఏ రేవులో ఏ అల ఎంత ఎత్తు, ఎంత ఆలస్యం అన్న అంకెలు దొరికితే చాలు, వచ్చే ఏడాది పోటు కూడా ఇవాళే లెక్కకట్టొచ్చు. చెన్నైలో ఎం2 ఎత్తు ముప్పై సెంటీమీటర్ల పైచిలుకు, ఎస్2 అందులో సగం కన్నా తక్కువ. అమావాస్యకి, పున్నమికి ఈ రెండూ కలిసి వస్తాయి కనక నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, తేడా సుమారు ఒక మీటరు. అష్టమి నవముల్లో ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి, పోటు నీరసంగా ఉంటుంది.

కంప్యూటర్లు రాకముందే ఈ పని యంత్రాలు చేశాయి. 1870ల్లో విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయనే) కప్పీలు, పళ్లచక్రాలతో పోటుని గీసే యంత్రం తయారుచేయించాడు. ఒక్కో అలకి ఒక్కో కప్పీ. అన్నిటి మీదుగా ఒకే తీగ పోతుంది, దాని చివర పెన్ను. హ్యాండిల్ తిప్పితే ఏడాది పోటంతా కాగితం మీద గీత అయి వచ్చేది. ఇండియా రేవుల కోసం కూడా ఒక యంత్రం 1879లో ఇంగ్లండులో తయారైంది. మీ ఫోన్లో ఉన్న యాప్ ఆ కప్పీల యంత్రానికి మనవడే.

ఇదంతా చెప్పడం దేనికంటే, ఏ సాధనాన్ని చూసినా ముందు అడగాల్సిన ప్రశ్న దీన్నుంచే పుడుతుంది: ఈ అంకెలు ఏ కొలబద్దవి? ఎన్నూరు క్రీకులో మీ రేవు పేరు కొట్టగానే యాప్ అందంగా గీత గీసి చూపిస్తుంది. చాలాసార్లు అది మీ రేవులో కొలిచిన అంకెలతో గీసింది కాదు. దగ్గరలో ఉన్న చెన్నై హార్బరు అంకెలకే ఆ ఊరి పేరు తగిలిస్తుంది, లేదా ప్రపంచమంతటికీ వేసిన ఉపగ్రహ లెక్కల్లోంచి ఆ చుక్క దగ్గరి అంకె తీసి ఇస్తుంది. తెరిచిన సముద్రంలో ఆ లెక్కలు బాగానే ఉంటాయి. ఏటి లోపల ఏముందో వాటికి తెలీదు.

ఎక్కడ వెతకాలి

మూలం నుంచి మొదలుపెట్టండి. మన దేశంలో రేవుల పోటు పట్టికలు ఏటా వేసేది సర్వే ఆఫ్ ఇండియా. చెన్నై అందులో ప్రధాన రేవుల్లో ఒకటి. టైము మన టైమే, ఎత్తు మీటర్లలో. నేను మిగతా సాధనాలన్నిటికీ దీన్నే గీటురాయిగా పెట్టుకున్నాను.

రెండోది ఇన్‌కాయిస్. సముద్రం చూడాలంటే రాత్రి రైలెక్కాల్సిన హైదరాబాదులో కూర్చుని సముద్రం కబుర్లన్నీ చెప్పే సంస్థ. 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అందులోనే ఉంది. వాళ్ల సైటులో రేవులవారీగా పోటు లెక్కలు ఉంటాయి. వాటికన్నా నాకు ఎక్కువ పనికొచ్చేది అలల ఎత్తు, ఉబ్బు కెరటాల (ఎక్కడో దూరాన పుట్టి వచ్చే పెద్ద కెరటాల) హెచ్చరిక. చేపల జాడ చెప్పే సూచనలు తెలుగులోనూ తమిళంలోనూ ఇస్తారని కాసిమేడులో చాలామందికి తెలుసు. సముద్ర అనే పేరుతో వాళ్ల యాప్ ఒకటి ఉంది, అది కూడా పెట్టుకోండి.

మూడోది, ఇవాళ ఈ గంటలో నీళ్లు నిజంగా ఎంత ఉన్నాయో చూపించేది. యునెస్కో వాళ్ల సముద్ర విభాగం ప్రపంచం నలుమూలలా ఉన్న కొలబద్దల అంకెల్ని దాదాపు ఎప్పటికప్పుడు ఒక పేజీలో పెడుతుంది, నడిపేది బెల్జియం నుంచి. చెన్నై కూడా అందులో ఉంది. ఇక్కడ టైము యూటీసీ, గుర్తుంచుకోండి. లెక్క ప్రకారం ఉండాల్సిన నీళ్లకీ నిజంగా ఉన్న నీళ్లకీ తేడా ఎంతో చూడ్డానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. బయల్దేరే ముందు ఒక్క నిమిషం చూస్తే, ఇవాళ సముద్రం లెక్క మీద ఉందా, లెక్క తప్పిందా అన్నది తెలిసిపోతుంది.

లాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఓపెన్‌సీపీఎన్. డబ్బు కట్టక్కర్లేదు. సముద్ర పటం మీద మీ పడవని చూపిస్తుంది, పోటు గీత కూడా ఇస్తుంది. ఎక్స్‌టైడ్ అనే మరో పాత ఉచిత ప్రోగ్రాముంది, పోటు గీయడం ఒక్కటే దాని పని. రెండిటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు, అదే వాటి గొప్ప. అమెరికా రేవుల అంకెలు వాళ్ల ప్రభుత్వం తాజాగా ఇస్తుంది కనక అక్కడ నిశ్చింత. మన రేవులకి వాటిలో ఉన్నవి ఎప్పటివో పాత అంకెలు. పనికిరావని కాదు, సర్వే వాళ్ల పట్టికతో పోల్చి చూసుకున్నాకే నమ్మాలి.

ఇక ఫోన్ యాప్‌లు. ఇవి పుట్టగొడుగులు. చాపలు పరిచినట్టు ప్రకటనలు, మధ్యలో ఎక్కడో పోటు. పేర్లు చెప్పి ఒకదాన్ని ఎక్కించడం, ఇంకోదాన్ని దించడం నాకిష్టం లేదు, రేపటికి మారిపోతాయి. ఒక్క విండీ మాట మాత్రం చెప్తాను. గాలి, ఉబ్బు కెరటం చూడ్డానికి అది లేకుండా నేను గుమ్మం దాటను. తెరచాప పడవకి పోటు సగం బలమైతే గాలి మిగతా సగం.

కొత్త యాప్‌ని పరీక్షించడం

దించుకున్న ప్రతి యాప్‌నీ పదినిమిషాలు కూర్చోబెట్టి ప్రశ్నలడగండి. నేను అడిగేవి ఇవి.

చెన్నై హార్బరు తెరిచి, ఈ వారంలో ఏదో ఒక రోజు పోటు టైము సర్వే పట్టికతో పోలుస్తాను. పది, పదిహేను నిమిషాల తేడా అయితే సరే. అయిదున్నర గంటల తేడా ఉంటే సంగతి మీకు తెలిసిందే, సెట్టింగుల్లో టైము మార్చాలి.

తర్వాత వరసగా రెండు రోజులు చూస్తాను. రేపటి పోటు ఇవాళ్టి కన్నా సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా రావాలి. రోజూ ఒకే టైము చూపిస్తోందంటే అది పోటు పట్టిక కాదు, అలారం గడియారం.

గోడ మీద తెలుగు కేలండరు తీసి తిథితో సరిచూస్తాను. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో గీత బాగా ఎగసిపడాలి, అష్టమి దాటాక చదునుగా ఉండాలి. ఒక రేవులో పున్నమి నాటి పోటు ఎప్పుడూ దాదాపు అదే వేళకి వస్తుంది. మీ రేవులో ఆ వేళ ఒకసారి రాసిపెట్టుకుంటే, ఫోను చచ్చిపోయినా తిథి చూసి గంట అటూ ఇటూగా పోటు చెప్పగలరు. మా తాత చేసింది ఇదే. ఆయన దగ్గర చేతి గడియారం కూడా లేదు.

చివరిది సున్నా ఎక్కడుందన్న ప్రశ్న. దీన్ని చాలామంది వదిలేస్తారు. సర్వే పట్టికలో ఎత్తు కొలిచేది పటం సున్నా నుంచి. అంటే మామూలుగా నీళ్లు అంతకన్నా దిగవు అనుకునే మట్టం. అందుకే చెన్నైలో పాటు వేళ కూడా అంకె సున్నాకి పైనే కనిపిస్తుంది, పెద్ద పోటుకి 1.1 దగ్గర తిరుగుతుంది. కొన్ని యాప్‌లు మాత్రం సగటు సముద్రమట్టాన్ని సున్నాగా పెట్టుకుంటాయి. అప్పుడు పాటుకి మైనస్ 0.4, మైనస్ 0.5 కనిపిస్తుంది, పోటుకి ప్లస్ 0.5. అంకె ముందు మైనస్ పెద్దగా కనబడిందా, ఆ యాప్ సున్నా వేరు. చెన్నైలో ఈ రెండు సున్నాల మధ్య తేడా సుమారు 65 సెంటీమీటర్లు. మా పడవ మధ్యపలక (పక్కకి కొట్టుకుపోకుండా అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) దించితే 80 సెంటీమీటర్లు మునుగుతుంది. 65 అంటే మాకు ప్రాణమంత.

ఇంకో మాట. పోటు ఎత్తు అంటే నీటి లోతు కాదు. పటంలో ఆ చోట వేసిన లోతుకి పోటు ఎత్తు కలిపితే లోతు. మనం తిరిగే చిన్న ఏర్ల లోపల అలాంటి పటం దొరకడం అరుదు కనక ఆ మొదటి అంకె మన గెడే చెప్పాలి.

ఏటి లెక్క వేరు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఎన్నూరులో సముద్రాన్ని కలిసేది కొసస్తలై ఆరు (తమిళంలో ఆరు అంటే ఏరే). చిత్తూరు వైపు కుశస్థలి అంటారే, అదే. వేసవిలో దాంట్లో పైనుంచి వచ్చే నీళ్లేమీ ఉండవు, మొగ లోంచి వచ్చిపోయే ఉప్పునీళ్లే. ఆ మొగ ఇరుకు. ఇరుకు సందులోంచి క్రీకంతా నిండాలంటే టైము పడుతుంది. అందుకే హార్బరులో పోటు నిండిపోయాక కూడా లోపల ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. పైగా బయట మీటరు ఎక్కితే లోపల అంత ఎక్కదు. కరెంటు కేంద్రం బూడిద దశాబ్దాలుగా క్రీకులో పేరుకుపోయిందన్నది ఊరందరికీ తెలిసిన గొడవ. నీళ్లు పారే దారి ఆ మేటల వల్ల ఇంకా ఇరుకైంది.

మీ రేవుకి మీరే పట్టిక చేసుకోవాలి. పెద్ద విద్యేం కాదు, ఒక పగలు చాలు. నేను చేసింది ఇది. నిలువెత్తు పీవీసీ గొట్టం కొన్నాను. పది సెంటీమీటర్లకో ఎర్ర గీత, అయిదుకో నల్ల గీత, ఆయిల్ పెయింటుతో. పున్నమి మర్నాడు, తెల్లవారుజామున మూడున్నరకి వెళ్లి, పాటులో కూడా నీళ్లు మిగిలే చోట దాన్ని పాతి, ఒడ్డున ఒక మొక్కకి కట్టి నిలబెట్టాను. పావుగంటకోసారి టార్చి వేసి అంకె చూసి నోటు పుస్తకంలో రాయడం. మా బావమరిది ఫ్లాస్కులో టీ, ఇడ్లీ పొట్లాలు తెచ్చి, "చేపలు పడుతున్నారా అన్నా అని అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు" అన్నాడు. అంకెలు పడుతున్నాం అని చెప్పమన్నాను.

సాయంత్రానికి పుస్తకంలో తేలింది ఇది. హార్బరు లెక్కలో తెల్లవారుజాము పాటు 2:45, మా గొట్టం దగ్గర 4:05. హార్బరు పోటు 9:05, మాది 9:50. హార్బరు సాయంత్రం పాటు 3:10, మాది 4:30. హార్బరులో తేడా 86 సెంటీమీటర్లు, మా దగ్గర 52. ఇందులో చూడాల్సింది, పోటుకి ఆలస్యం ముప్పావుగంట, పాటుకి ఆలస్యం గంటా ఇరవై నిమిషాలు. రెండూ ఒకటి కావు. కాబట్టి మా రేవులో నీళ్లు ఎక్కడానికి పట్టింది 5 గంటల 45 నిమిషాలు, తీయడానికి 6 గంటల 40. ఏట్లోకి పోయేకొద్దీ మామూలుగా ఈ వైనం ఇలాగే ఉంటుంది. పోటు గబగబా వస్తుంది, పాటు నింపాదిగా పోతుంది. కొన్ని యాప్‌లలో ఈ ఆలస్యాన్ని ఎక్కించే చోటు ఉంటుంది. లేకపోతే అట్ట మీద రాసి పడవలో అంటించుకోండి, నేను అదే చేశాను. ఈ అంకెలు మా రేవువి మాత్రమే, అర కిలోమీటరు అవతల రేవుకి కూడా ఇవే వాడకండి.

మధ్య గంటల్లో నీళ్లెంత ఉంటాయో తెలియాలంటే పన్నెండో వంతుల లెక్క ఉంది. మొత్తం ఎక్కే నీటిని పన్నెండు వాటాలు చేస్తే మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి. మా 52లో మొదటి గంట ఎక్కేది నాలుగు సెంటీమీటర్లు, మూడో గంట 13. ఏట్లో ఇది ఉజ్జాయింపే, కానీ ఆ మధ్య రెండు గంటల్లోనే ప్రవాహం జోరు అన్న సంగతి మాత్రం తప్పదు.

ప్రవాహం సంగతి ఇంకో మెలిక. నీళ్లు నిండడం, ప్రవాహం ఆగడం ఒకేసారి జరగవు. మా గొట్టం మీద అంకె ఎక్కడం ఆగిపోయాక కూడా మొగ సందులో నీళ్లు లోపలికి దూసుకొస్తూ కనిపించాయి. యాప్ చూపించేది ఎత్తు, అది ఆగిందంటే ప్రవాహం కూడా ఆగిందనుకుని సందులోకి దూరితే చుక్కాని మాట వినదు. కొలవడానికి ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు. గట్టు మీద ఇరవై మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టుకోండి. ఎండు కొబ్బరికాయ ఒకటి నీళ్లలో వేసి ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. నలభై సెకన్లు పట్టిందంటే ప్రవాహం సెకనుకి అర మీటరు, అంటే పడవల వేగం కొలిచే లెక్కలో సుమారు ఒక నాటు. గాలి తక్కువ ఉన్న రోజున మా పధ్నాలుగు అడుగుల పడవ రెండు నాట్లు కూడా పోదు. సగం అక్కడే పోయిందన్నమాట.

పెద్ద నదుల్లో ఇంకా పెద్ద కథ. హుగ్లీకి సర్వే ఆఫ్ ఇండియా విడిగా పోటు పట్టికే వేస్తుంది, సాగర్, డైమండ్ హార్బర్, గార్డెన్ రీచ్ ఒక్కోదానికీ వేరు వేరు టైములు. అక్కడ పెద్ద పోటు రోజుల్లో నీళ్లు గోడలా లేచి నదికి ఎదురెక్కుతాయి. ఒక్క రేవు అంకెతో ఆ నదిలో ఎవరూ పడవ కదపరు. మా గౌతమీ గోదారికి దగ్గరలో ఉన్న పెద్ద రేవు కాకినాడ. సంక్రాంతికి యానాం వెళ్లినప్పుడు కాకినాడ లెక్క తీసుకుని, పుష్కర ఘాటు మెట్ల మీద సుద్దతో గీతలు గీసి ఆలస్యం చూసుకుంటాను. మెట్లున్నచోట గొట్టం కూడా దండగే.

లెక్క తప్పే రోజులు

పోటు లెక్కకి చంద్రుడూ సూర్యుడూ తెలుసు. గాలి తెలీదు, వాన తెలీదు. అక్టోబరు, నవంబరు నెలల్లో చెన్నై తీరంలో సముద్రమే మామూలు కన్నా పైన ఉంటుంది. ఈశాన్య గాలి నీళ్లని ఒడ్డుకి నెడుతుంది. వాయుగుండం దగ్గరకొస్తే గాలి పీడనం తగ్గిన ప్రతి హెక్టోపాస్కల్‌కీ నీళ్లు ఒక సెంటీమీటరు చొప్పున లేస్తాయి. పైనుంచి వరద దిగుతుంటే ఏట్లో పోటు పాటు అన్న మాటే ఉండదు, నీళ్లన్నీ ఒకే వైపు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలోని అడయారు నది చూసినవాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

అడయారు మొగది ఇంకో తీరు. ఉత్తరంగా నడిచే ఇసుక దాన్ని మేట వేసి మూస్తుంటుంది, మనుషులు తవ్వి తెరుస్తుంటారు. విరిగిన వంతెన మీద నుంచి చూస్తే ఒక్కోసారి మొగలో నీళ్ల కన్నా ఇసుకే ఎక్కువ. అలాంటి రోజున కూడా యాప్ అడయారు పేరు పెట్టి పోటు గీత గీస్తూనే ఉంటుంది. మొగ తెరిచి ఉందో లేదో ఇంట్లోంచే చూడాలంటే యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలున్నాయి. కోపర్నికస్ బ్రౌజరులో ఉచితం. సుమారు అయిదు రోజులకో కొత్త బొమ్మ, ఒక్కో చుక్క పది మీటర్లు. మబ్బు లేకపోతే ఇసుక మేట ఎటు జరిగిందో స్పష్టంగా కనిపిస్తుంది. పోటు సాధనాల్లో దీన్ని ఎవరూ చెప్పరు, నాకైతే సగం పని ఇదే చేస్తుంది.

బయల్దేరే రోజు

ముందురోజు రాత్రి హార్బరు పోటు రాసుకుని, మా ఆలస్యం కలిపి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకుంటాను. క్రీకులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఫోనుకి జిప్ కవరు, మెడలో తాడు. లైఫ్ జాకెట్ల గురించి చెప్పను, అవి లేకుండా పడవ దగ్గరికే రావొద్దు. ఎన్నూరులో పక్కనే పెద్ద పోర్టు ఉంది, ఓడల దారి ఉంది. మెరైన్ పోలీసులకి ఒక మాట చెప్పి, ఊరి పెద్దలనీ ఒకసారి పలకరించుకుని దిగాలి.

బయల్దేరే వేళ సగం పోటు దాటాక కాదు, సగం పోటుకి ముందే. ఎక్కే నీళ్లలో మేట తగిలితే పడవని నీళ్లే లేపుతాయి, పావుగంట ఓపిక పడితే చాలు. దిగే నీళ్లలో తగిలితే మళ్లీ పోటు దాకా కాపలా కాయాలి. పోటుతో పైకి పోయి, నిండాక కాసేపు ఆగి, పాటు మొదలవగానే తిరిగి రావడం. మొగ దాటి సముద్రంలోకి పోవాలనుకుంటే మాత్రం పాటు జోరులో వద్దు. బయటికి తోసే నీళ్లకి ఎదురుగా సముద్రం గాలి కొడితే మొగలో అలలు నిట్టనిలువుగా లేస్తాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచే వేళకి పాటు పడే రోజున మేం క్రీకు లోపలే తిరుగుతాం.

మా బావమరిది ఇప్పుడు ఏ యాప్ చూపించినా మొదట అడిగే మాట, "ఇది ఎవరి టైము బావా?" అని. రెండోది, "సున్నా ఎక్కడుంది?" గెడ మాత్రం చేతిలోంచి వదలడు.

ఈశాన్య వానలు పోయాక మొగ మళ్లీ మారుతుంది. కిందటేడు గీసిన ఆలస్యం అంకెలు చెల్లవు. పీవీసీ గొట్టం కొట్టు అటక మీద ఉంది, నల్ల గీతలు కొంచెం వెలిశాయి. జనవరి పున్నమికి పెయింటు వేసి మళ్లీ పాతాలి.